దోన్కా పోసిన నీళ్లు

మా ఊళ్లో వాన పడితే జనం చూరుల కిందికి పరుగెడతారు. దోన్కా మాత్రం రబ్బరు బూట్లు తొడుక్కుని బయటికి వస్తుంది. తాను టర్ఫ్, అంటే ప్లాస్టిక్ గడ్డి, పరిచిన చోట్లన్నీ ఒక చుట్టు తిరుగుతుంది. పళ్ల డాక్టరు గారి పెరడు, బస్టాండు వెనక హోటలు ముంగిలి, టెన్నిసు కోర్టు. ఒక్కోచోట అంచున నిలబడి నీళ్లు ఎంతసేపట్లో కిందికి దిగుతున్నాయో చూస్తుంది. దిగిపోయాక తల ఊపి పక్క చోటికి పోతుంది. ఆ సమయంలో ఎవరైనా పలకరిస్తే విసుక్కుంటుంది.

నా పేరు మించో. పదహారేళ్లు జిగురు పని చేశాను. టర్ఫ్ చుట్టలు పక్కపక్కన పరిచాక రెండు అంచుల కిందా పట్టీ వేసి, జిగురు పూసి, అతుకు కనపడకుండా కలపడం నా పని. మోకాళ్లు అరిగిపోయాయి, ముక్కుకి జిగురు తప్ప వేరే వాసన తెలియడం మానేసింది. ఈ కథలో నా పాత్ర చెప్పుకోదగ్గది కాదు. అయినా దోన్కా సంగతి నాకు తెలిసినంతగా ఈ ఊళ్లో ఇంకెవరికీ తెలియదు కాబట్టి నేనే చెప్పాలి.

పెళ్లికాక ముందు ఆమె ప్రభుత్వ కాలవల శాఖలో పనిచేసింది. నీటి వాలు కంటితో చూసి చెప్పగలిగేది. ఆ శాఖ మూతబడ్డాక చాలామంది విదేశాలకి పోయారు, ఈమె ప్లాస్టిక్ గడ్డి పనిలో చేరింది. పైన పచ్చగా పరవడం ఎవడైనా చేస్తాడని, కింద ఉన్నదే అసలు పని అని ఆమె నమ్మకం. కంకర లారీ వచ్చిందంటే ముందు తనే పైకెక్కి గుప్పెడు రాళ్లు తీసి, తెల్లగుడ్డలో వేసి, నీళ్లు పోసి పిండేది. గుడ్డకి మట్టి అంటితే లారీ వెనక్కి పోవలసిందే.

ఒకసారి ఒక డ్రైవరుకి ఒళ్లు మండింది. "దోన్కా అక్కా, ఇవి రాళ్లు. పెళ్లికూతురి మేలిముసుగు కాదు, ఇంత తెల్లగా ఉండటానికి."

"గుడ్డ అయిపోయింది, నీ చొక్కా ఇయ్యి," అంది ఆమె. "ఇంకో గుప్పెడు పిండి చూపిస్తాను. ఇంటికెళ్లి మీ ఆవిడకి నువ్వే చెప్పుకో."

డ్రైవరు బండి తిప్పుకున్నాడు. మేమందరం అప్పట్లో వెలిచ్కో కంపెనీలో ఉండేవాళ్లం. వెలిచ్కో, దోన్కా ఒకే బడిలో, ఒకే బెంచీ మీద చదువుకున్నారు. వాడు మాటకారి. మున్సిపాలిటీ ఆఫీసులో కుర్చీలకి కూడా వాడి పేరు తెలుసు. పని తెచ్చేది వాడు, చేసేది దోన్కా. పదేళ్లు అలా బాగానే నడిచింది.

తొమ్మిదేళ్ల కిందట ఊళ్లో పిల్లల బడికి, అంటే మూడేళ్ల నుంచి ఆరేళ్ల పసివాళ్లుండే బడికి, ఆవరణలో టర్ఫ్ పరిచే పని వచ్చింది. మట్టి తవ్వాం, చిల్లుల పైపులు వేశాం. కంకర రావలసిన వారం దోన్కా తల్లి పోయింది. ఆమెది కొండ మీది ఊరు, రానూపోనూ, కర్మకాండ, అన్నీ కలిపి వారం పట్టేట్టుంది. బయల్దేరేముందు వెలిచ్కో ఆమె చేతికి పన్నెండో నంబరు పత్రం ఇచ్చాడు.

ఆ పత్రం సంగతి మా పనివాళ్లందరికీ తెలుసు. పని మీద మట్టి కప్పేస్తే ఇక ఎవరూ చూడలేరు కనక, కప్పేముందు కింద ఏముందో రాసి సంతకం పెట్టాలి. కడిగిన కంకర, ముప్ఫై సెంటీమీటర్ల మందం, పైపు ఇంత వాలు, అని. చూశాకే పెట్టాలి. కానీ మా దేశంలో ఎవరూ అలా పెట్టరు. నమ్మకం ఉన్నచోట ముందే పెట్టేసి, కాఫీ తాగి వెళ్లిపోతారు. దోన్కా కూడా నల్ల గుడ్డ తలకి కట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ, చూడకుండా సంతకం పెట్టింది. తన పని, తన మనుషులు, ఇందులో చూసేదేముంది అనుకుంది.

కంకర లారీలు రాలేదు. క్వారీలో యంత్రం చెడిందన్నారు. ప్రారంభోత్సవం తేదీ కార్డుల మీద అచ్చయిపోయింది. ఊరి చివర పాల ఫ్యాక్టరీ కూల్చిన ఇటుకలు, సున్నం, సిమెంటు పెళ్లలు గుట్టగా పడున్నాయి. వెలిచ్కో వాటినే తెప్పించి గుంటలో పోయించాడు. దుమ్ముతో సహా. పైన రోలరు తొక్కించి, నార గుడ్డ పరిచి, టర్ఫ్ వేసేశాం. దోన్కా తిరిగొచ్చేసరికి అంతా పచ్చగా ఉంది.

ఆ ఇటుక ముక్కల్ని తోపుడుబండితో మోసినవాళ్లలో నేనొకణ్ని.

ఏప్రిల్లో వాన వచ్చింది. ఆవరణ చెరువైంది. నీళ్లు గడప దాటి వంటింట్లోకి పోయాయి, వంటమనిషి జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. మున్సిపాలిటీలో కమిటీ కూర్చుంది. వెలిచ్కో లేచి, బాధగా మొహం పెట్టి, "దోన్కా తల్లి పోయిన దుఃఖంలో ఉండి పైపు వాలు తిరగేసి వేసింది. నేను చూసుకోవలసింది, తప్పు నాది కూడా," అన్నాడు. ఆ చివరి మాటతో వాడి మీద అందరికీ జాలి పుట్టింది. ఆ ఆదివారమే వాడు ఆవరణ మొత్తం తవ్వించి చెత్తంతా లారీల్లో ఊరు దాటించాడు. ఇక మిగిలింది దోన్కా సంతకమున్న కాగితం ఒక్కటే.

కమిటీ వాళ్లు "ఎవరైనా చూశారా?" అని అడిగారు. నేను నా బూట్ల వంక చూశాను. పాల ఫ్యాక్టరీ పోయాక ఊళ్లో వెలిచ్కో దగ్గర తప్ప పని లేదు. అది నిజమే, కానీ దాన్ని సాకుగా చెప్పుకోను. నోరు తెరవలేదు, అంతే. బయటికొచ్చాక దోన్కా నన్ను పక్కకి పిలిచి అడిగింది.

"మించో, నువ్వక్కడే ఉన్నావు కదా. కింద ఏం పోశారో చూశావా?"

"నేను షెడ్డు వెనక జిగురు కలుపుతున్నానక్కా. చూళ్లేదు," అన్నాను.

ఆమె తల ఊపింది. నమ్మింది.

ఆ రోజు నుంచి ఆమెకి ఊళ్లో పేరు 'మడుగు దోన్కా'. రొట్టెల కొట్టు దగ్గర ఆమె ముందు నిలబడినవాళ్లు కాళ్లకింద చూసుకుని నవ్వేవాళ్లు. పిల్లలు ఆమె వెనక నడుస్తూ కప్పల్లా అరిచేవాళ్లు. సొంతూళ్లో ఒక్కరూ పని చెప్పలేదు. సముద్రపు వైపు హోటళ్లకీ, పెద్దవాళ్ల ఇళ్లకీ టర్ఫ్ వేయడానికి పోయింది. నన్ను కూడా తీసుకుపోయింది. పాపభయంతోనో, వెలిచ్కో మొహం చూడలేకనో, వాడి దగ్గర మానేసి ఆమెతో పోయాను. ఏడాదిలో ఎనిమిది నెలలు పనివాళ్లందరం ఒకే గదిలో, ఒకే కుండలో చిక్కుళ్ల కూర. రోజూ సాయంత్రం రకియా, అదే మా పండ్ల సారా, గ్లాసులో పోసుకుని ఆమె ఒకటే మాట.

"వాణ్ని కొట్టను, తిట్టను. ఏ ఊరి ముందు నా పరువు తీశాడో ఆ ఊరి ముందే వాడి నోటితో వాడు చెప్పాలి. దోన్కా తప్పు లేదని. అంతదాకా నేను చావను."

"వాడి ఒంట్లో పురుగులు పడాలక్కా," అనేవాణ్ని నేను. ఆమెకంటే గట్టిగా తిట్టేవాణ్ని. తప్పు చేసినవాడి గొంతే పెద్దదని ఆమెకి తెలియదు పాపం. పక్కన నాలాంటివాడు ఒకడున్నాడని ధైర్యంగా నిద్రపోయేది.

ఆరేళ్లు అలా గడిచాయి. అప్పుడు మా ఊరి పెద్దబడికి ఆటస్థలం మంజూరైంది. దోన్కా, వెలిచ్కో ఒకే బెంచీ మీద కూర్చుని చదివిన బడి. పని వెలిచ్కోకే వచ్చింది. వాడికి జిగురు పనివాళ్లు దొరకలేదు. నాకు కబురు పెట్టాడు. వెళ్లనన్నాను. దోన్కాయే పంపింది.

"వెళ్లు. కంకర వచ్చాక ఒక గుప్పెడు పట్టుకురా."

వేసవి నడిమధ్య, ఎండలో వెళ్లి గుప్పెడు తెచ్చాను. ఆమె పెరట్లో కుళాయి కింద గుడ్డలో పెట్టి పిండింది. గోధుమరంగు బురద మోచేతుల దాకా కారింది. ఎక్కడో రోడ్డు తవ్విన మట్టి, రాయి కలిపి పోశాడు వాడు. ఒకసారి తప్పించుకున్నవాడికి రెండోసారి భయమెందుకుంటుంది?

"ఇప్పుడే హెడ్‌మిస్ట్రెస్ గారికి చెబుదామక్కా," అన్నాను.

"చెబితే ఏమవుతుంది? తీయించి మంచి కంకర పోయిస్తాడు. బోలెడు మంచిపేరు. మడుగు దోన్కా అసూయతో ఏడ్చిందంటారు. పత్రం మీద సంతకం పెట్టనీ. ఈసారి పెట్టాల్సింది వాడే కదా."

"మరి పిల్లలు ఆడితే, జారిపడితే?"

"ఒక్క పిల్లాడి కాలు కూడా పడకముందే చూపిస్తాను," అంది.

ఆగస్టు అంతా ఒక్క చుక్క పడలేదు. వెలిచ్కో పత్రం మీద సంతకం పెట్టాడు. నేను జిగురు పూశాను. పైకి చూస్తే ఆటస్థలం పచ్చగా, అతుకు కనపడకుండా, అందంగా ఉంది. నా చేతిపని గురించి నేనే చెప్పుకోవడం బాగుండదు గానీ, అలాంటి అతుకులు జిల్లాలో లేవు.

సెప్టెంబరు పదిహేను బడులు తెరిచే రోజు. మా వైపు ఏ కొత్త పని మొదలైనా, మనిషి ప్రయాణమైనా, గుమ్మంలో రాగి చెంబుడు నీళ్లు ఒలకబోస్తాం. అన్నీ నీళ్లలా సాఫీగా సాగాలని. అలా పోసే నీళ్లని వద్దన్నవాడు ఇంతవరకు పుట్టలేదు. దోన్కా ముందురోజు హెడ్‌మిస్ట్రెస్ స్నేజానా గారి దగ్గరికి వెళ్లి, "అమ్మా, నేను ఈ బడి పాత విద్యార్థిని. రేపు ఆటస్థలానికి శుభం కోరి నీళ్లు నేను పోస్తాను," అంది. ఆవిడ ఏ చెంబో అనుకుని సంతోషంగా ఒప్పుకుంది.

మర్నాడు పది గంటలకి పిల్లలు పూలు పట్టుకుని ఆటస్థలం గట్టు మీద బారులు తీరారు. మేయరు, కౌన్సిలర్లు ఆటస్థలంలోనే ఒక మూల వేసిన కుర్చీల్లో కూర్చున్నారు. ఫాదర్ గెరాసిమ్ తులసి కొమ్మతో పవిత్రజలం చల్లుతున్నాడు. అంతలో గేటు తోసుకుంటూ ఆపిల్ తోటలకి నీళ్లు కొట్టే ట్యాంకరు వచ్చింది. పది టన్నులది. నడుపుతున్నది దోన్కా. మంచి గౌను వేసుకుంది, కుళాయి గొట్టానికి శుభానికని జెరేనియం పూలకొమ్మ, ఎర్రదారం కట్టింది.

జనం ఒక్క క్షణం నోళ్లు తెరిచి, తర్వాత పగలబడి నవ్వారు. మేయరు కూడా నవ్వాడు. "దోన్కా, నీ చెంబు కాస్త పెద్దదే," అన్నాడు.

"ఆటస్థలం పెద్దది కదండీ. శుభానికి లోభమెందుకు?"

వెనక వరసలో ముసలమ్మలు సిలువ గీసుకుని "పోయనీ, పోయనీ, మంచిదే," అన్నారు. ఫాదర్ గెరాసిమ్ మంచి హుషారు మనిషి. వచ్చి ట్యాంకరు మీద కూడా తులసి కొమ్మ విదిలించాడు.

నేను వెలిచ్కో మొహమే చూస్తున్నాను. ఆరేళ్లు ఎదురుచూసిన దృశ్యం, కంటిరెప్ప కూడా వేయలేదు. వాడికి ట్యాంకరు గేటులో కనపడగానే అర్థమైంది. మెడ దగ్గర కాలరు వదులు చేసుకున్నాడు. పరుగున ట్యాంకరు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అన్నాడు.

"దోన్కా, పిచ్చిపని చేయకు. ఇన్ని నీళ్లు పోస్తారా ఎవరైనా?"

"ఎందుకు, మొన్న ఏప్రిల్లో వాన గంటలో ఇంతకంటే ఎక్కువ పోసింది. కడిగిన కంకర, ముప్ఫై సెంటీమీటర్లు. నువ్వే సంతకం పెట్టావు. ఈ నీళ్లొక లెక్కా దానికి?"

"కొత్త జిగురు ఇంకా ఆరలేదు."

"ఆరింది," అన్నాను నేను పక్కనుంచి. "మూడు వారాలైంది."

వాడు నన్ను చూసిన చూపుకి వేరే రోజైతే మళ్లీ నా బూట్ల వంక చూసుకునేవాణ్ని. ఆ రోజు తీపిగా ఉంది.

"వెలిచ్కో," అంది దోన్కా, నెమ్మదిగా, బెంచీ మీద పక్కన కూర్చున్న పిల్లాడితో చెప్పినట్టు. "ఆపమను, ఆపేస్తాను. ఎందుకు ఆపాలో మాత్రం మైకులో చెప్పు."

మింగలేడు, కక్కలేడు. వాడు మేయరు వైపు చూశాడు. దోన్కా కుళాయి తిప్పింది.

నీళ్లు తెల్లగా దూకి టర్ఫ్ మీద పరుచుకున్నాయి. సరైన పనైతే అక్కడికక్కడే కిందికి ఇంకిపోవాలి. ఇవి ఇంకలేదు. పచ్చ గడ్డి మీద పాకుతూ, గడ్డిలో పోసిన నల్లరబ్బరు పూసల్ని పైకి తేలుస్తూ, వాలున్న మూలకి బయల్దేరాయి. ఆ మూలనే కుర్చీలున్నాయి. ముందు ఒక కౌన్సిలరమ్మ కాళ్లు పైకెత్తింది. తర్వాత మేయరు లేచాడు, బూట్ల చుట్టూ నల్లపూసలు మూగాయి. చివరికి చీలమండల దాకా నీళ్లు. పిల్లలు ఆనందం పట్టలేక కేకలు పెట్టారు, టీచర్లు వాళ్ల చెవులు పట్టుకుని గట్టుమీదే ఆపారు. పావుగంట చూశాం. గోరంత కూడా తగ్గలేదు.

ఎవరో "మడుగు వెలిచ్కో," అన్నారు. ఆ మాట విని నాకు కలిగిన సుఖం ఈ జన్మలో మళ్లీ కలగలేదు.

కానీ వాడు వెలిచ్కో. ప్యాంటు మడిచి, నీళ్ల మధ్యకి నడిచి, మైకు తీసుకున్నాడు.

"అందరికీ క్షమాపణ. క్వారీవాళ్లు నన్ను మోసం చేశారు. అయినా మన ఊరి నేలే అంత, జిగటమట్టి. నీళ్లు పీల్చదు. ఆరేళ్ల కిందట పాపం మన దోన్కాకి కూడా ఇదే జరిగింది. అప్పుడు నేను కాస్త తొందరపడి మాట్లాడాను. ఆమె సంతకం పెట్టింది నిజమే, నేల సహకరించలేదు. ఎవరి తప్పూ కాదు."

జనం తలలు ఊపారు. నేలని తిట్టుకోవడం ఎవరికైనా సులువు. దోన్కా మొహం పాలిపోయింది. వాడు క్షమాపణ చెప్పినట్టే చెప్పి, ఆమె పేరు మీద మట్టి మళ్లీ కప్పేశాడు. పైపెచ్చు దయ చూపించాడు. "అప్పుడు కూడా కడిగిన కంకర పోయలేదు నువ్వు," అంది ఆమె. ఆమె చేతిలో మైకు లేదు. వాడు చేతులు చాచి, "ఎవరు చూశారు దోన్కా? నువ్వే కదా సంతకం పెట్టావు," అన్నాడు.

ఆమె దగ్గర ఇంకో ట్యాంకరు లేదు. ఆరేళ్ల పగ అంతా ఖర్చయిపోయి, మంచి గౌను అంచు తడిసిపోయి, అందరి ముందూ నిలబడి ఉంది. ఇంకొక్క నిమిషమైతే మేయరు ఏదో జోకేసేవాడు, బ్యాండు మొదలయ్యేది.

నేను నీళ్లలోకి దిగాను. ధైర్యం కాదు. వాడి ఆ చేతులు చాచడం చూసి ఒళ్లు మండింది.

"నేను చూశాను," అన్నాను. "అప్పుడు పోసింది కంకర కాదు. పాల ఫ్యాక్టరీ ఇటుకలు, సున్నం. తోపుడుబండితో మోసింది నేనే, ముప్ఫై రెండు బండ్లు. వెలిచ్కో పక్కనే నిలబడి తొందర చేశాడు. దోన్కా ఆ వారం ఊళ్లో లేదు, తల్లిని పాతిపెడుతోంది. సంతకం కంకర రాకముందే పెట్టించుకున్నాడు."

ఎవరూ నవ్వలేదు. వంటమనిషి, తుంటి విరిగిన ఆమె, కర్ర ఊతంతో గట్టు మీద నిలబడి ఉంది. ఆమె ముందుకొచ్చి వెలిచ్కో మొహాన ఉమ్మేసింది. హెడ్‌మిస్ట్రెస్ గారు ఫైలు తెరిచి, ఈ ఆటస్థలం కింద కడిగిన కంకర ఉందని వాడు సంతకం పెట్టిన పత్రం మేయరు చేతిలో పెట్టారు. పిల్లల బడిలో పోసింది ఇటుకలేనా అని ఆవిడ అడిగితే వాడు ఏదో గొణిగాడు, రెండోసారి అడిగేసరికి, "అవును, ఇటుకలే," అన్నాడు. మైకు ఇంకా వాడి చేతిలోనే ఉంది, ఊరంతా విన్నది. అందరూ వాణ్నే చూస్తున్నారు. దోన్కా ఒక్కతే నన్ను చూస్తోంది.

వెలిచ్కో ఆ చలికాలంలోనే ఊరు వదిలిపోయాడు. ఎక్కడో బావమరిది దగ్గర టైర్లు అమ్ముతున్నాడని విన్నాను, అవి కూడా గాలి నిలవని టైర్లయి ఉండాలని కోరుకుంటున్నాను. బడి ఆటస్థలం మొత్తం పీకి, దోన్కాతోనే కొత్తగా వేయించారు. ఇప్పుడు ఆమెని రొట్టెల కొట్టులో 'మాస్టరమ్మా' అని ముందుకి రమ్మంటారు.

ప్రారంభోత్సవం మర్నాడు మధ్యాహ్నం ఆమె మా ఇంటికి వచ్చింది. నా భార్య కాఫీ పెడతానంది. ఆమె లోపలికి రాలేదు, గేటు బయటే నిలబడింది.

"అక్కా, అప్పుడు భయపడ్డాను," అన్నాను.

"భయపడినందుకు కాదు మించో. భయం అందరికీ ఉంటుంది. నేను అడిగాను కదా నిన్ను. చూళ్లేదన్నావు. ఎవరైనా మించో కూడా అక్కడే ఉన్నాడుగా అంటే, వాడు చూసుంటే చెప్పేవాడు, వాడు అలాంటివాడు కాదు అని ఊరందరితోనూ పోట్లాడాను. నీ మాట పట్టుకుని నా మీదే నాకు అనుమానమొచ్చింది. వాలు నిజంగా తిరగేసి వేశానేమో అని ఎన్నిసార్లు అనుకున్నానో."

నేను గేటు తెరవబోతే ఆమె చేత్తో ఆపింది.

"నిన్న నా పేరు తిరిగి తెచ్చిపెట్టావు. అది మర్చిపోను," అంది. "ఇంకోటి కూడా మర్చిపోను. ఇక నా పనికి రాకు."

ఆ తర్వాత మూడు ఊళ్లలో ఉన్న జిగురు పనివాళ్లందరినీ ఆమె పిలిచింది, నన్ను తప్ప. దారిలో ఎదురైతే నా భార్యని పలకరిస్తుంది, మా కుక్క తల నిమురుతుంది, నన్ను దాటి పోతుంది. కొందరు నా తరఫున వెళ్లి నచ్చజెప్పబోయారు. వద్దన్నాను. ఆమె పగ ఎలా పట్టుకుంటుందో పక్క మంచం మీద పడుకుని చూసినవాణ్ని. వెలిచ్కో మీద అది ఆరేళ్లు నడిచింది. నాకు ఇప్పటికి మూడేళ్లే అయింది.